పూటకూళ్ళింటి భోజనం, చెన్నయ్య అంబలి

ఓరుగల్లులో ఒక్క రూక ఇస్తే కడుపునిండా భోజనం పెట్టేవారట. కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు. పెట్టింది లక్ష్మణవజ్ఝల ఇంట్లో అని అడ్రసుతో సహా ఉంది. క్రీడాభిరామంలోని ఈ మెనూని నేను ఆఫీసు క్యాంటీన్లో, పెళ్ళి బంతుల్లో, క్యాబుల్లో ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. విన్నవాళ్ళందరూ ఒకటే మాట అంటారు: "అప్పట్లో బతుకు ఎంత బాగుండేదో!" నేనూ అదే అనుకునేవాణ్ణి, మొన్న దసరాకి ఊరికి పోయి ఇదే కథ మా నాయనమ్మకి చెప్పేదాకా. అంతా విని ఆమె అడిగింది: "గా ఇంట్లకు మనల్ని రానిచ్చెటోళ్లా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు తెలియక కాదు, తెలుసు కాబట్టే.

మా తాత నీరటి. జనగామ దగ్గర ఒక ఊళ్ళో చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడటం, వానాకాలం రాత్రుళ్ళు కట్ట మీద కావలి తిరగడం ఆయన పని. కోతలప్పుడు రైతులు కల్లంలో ఇంత మేర కొలిచేవాళ్ళు. ఆయన మనవణ్ణి నేను, ఇంజనీరింగ్ చేసి, పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. రాజుల కాలం పిచ్చి నాకు బడి పిల్లల విహారయాత్రలో రామప్ప గుడి దగ్గర పట్టింది. గైడు ఒక మదనిక శిల్పం కాళ్ళు చూపించి ఎనిమిది వందల ఏళ్ళ కిందటే హై హీల్స్ వేసుకున్నారు చూడండి అన్నాడు. ఆ రోజు నుంచి నాకు యుద్ధాల కంటే చెప్పులే ఎక్కువ కావాలి. వాళ్ళు ఏం తిన్నారు, ఎట్లా తల దువ్వుకున్నారు, దోమలు కుడితే ఏం చేశారు? అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' చదివినా, 2015లో 'రుద్రమదేవి' సినిమా చూసినా నా కళ్ళు కథానాయకుల మీద కాకుండా వెనకాల ఉన్న కుండల మీద, దీపాల మీద ఉండేవి. (సినిమాలో కుండలు మరీ కొత్తగా ఉన్నాయి. సరే.)

ఇట్లాంటి పిచ్చివాళ్ళందరికీ ఒక మూలగ్రంథం ఉంది. సురవరం ప్రతాపరెడ్డి రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది. ఆయన 1953లో పోయారు, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకి ఇచ్చిన మొట్టమొదటి బహుమతి దీనికే వచ్చింది. గోలకొండ పత్రిక నడిపిన మనిషి, తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి చూపించిన మనిషి. ఆయన వాదం సూటిగా ఉంటుంది: రాజుల చరిత్రలు మనకి అంతగా సంబంధించినవి కావు, సంఘం చరిత్ర మాత్రం పూర్తిగా మనదే. మన తాతలు ఏం కట్టుకున్నారు, ఏం తిన్నారు, ఏం ఆడారు, దేనికి భయపడ్డారు అన్నది ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి దాన్ని కావ్యాల్లోంచి ఏరుకోవాలి. ఆయన ఏరారు. వేల పద్యాలు జల్లెడపట్టారు. ఇప్పుడు మనకి ఇది మామూలు విషయంగా కనిపిస్తుంది గానీ, ప్రబంధమంటే అలంకారాలు లెక్కపెట్టడమే అనుకునే రోజుల్లో ఒక మనిషి కూచుని దాంట్లోంచి ఊరగాయలు, జూదాలు, తలపాగాలు బయటికి తీశాడంటే, అది విమర్శలో ఒక పెద్ద మలుపు.

ఈసారి మళ్ళీ చదువుతుంటే మాత్రం రెండు చోట్ల ఆగాను.

మొదటిది చిన్న విషయమే. రాజులు మనకి ముఖ్యం కాదన్న పుస్తకంలో అధ్యాయాల పేర్లేమో తూర్పు చాళుక్యులు, కాకతీయులు, రెడ్డిరాజులు, విజయనగరం. ఇల్లు జనానిది, తలుపు మీద నేమ్ ప్లేట్ రాజుది. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. ఇంకే పేరు పెట్టగలరు? కాలాన్ని కొలవడానికి వేరే కర్ర మన దగ్గర ఇప్పటికీ లేదు. మా తాత పుట్టిన ఏడు ఎవరికీ తెలియదు, ఏ నిజాం కాలంలోనో మాత్రం తెలుసు.

రెండోది పద్ధతికి సంబంధించింది. మా పనిలో గ్రెప్ అని ఒక కమాండ్ ఉంటుంది. లక్షల లైన్ల ఫైల్లోంచి మనం అడిగిన మాట ఉన్న లైన్లు మాత్రమే తీసి ఇస్తుంది. చాలా పనికొస్తుంది, రోజూ వాడతాను. దాంతో వచ్చే చిక్కు ఏంటంటే, లైను వస్తుంది గానీ ఆ లైను ఏ సందర్భంలో రాశారో రాదు. ఎర్రర్ మెసేజ్ అయినా, ఎవరో సరదాకి రాసిన కామెంట్ అయినా ఒకేలా కనిపిస్తుంది. సాంఘిక చరిత్రలో కావ్యాలకి ఇదే జరిగింది. తిండి అంటే తిండి పద్యాలు, బట్ట అంటే బట్ట పద్యాలు వరసగా వచ్చి పడ్డాయి. ఆ పద్యం చెప్పింది ఎవరు, ఎవరితో, ఏ మూడ్‌లో అన్నది రాలిపోయింది. ప్రతాపరెడ్డి తర్వాత వచ్చిన మనం ఇంకా అన్యాయం. ఆయన కనీసం అన్ని పద్యాలూ చదివి ఏరారు. మనం ఆయన ఏరినవాటిని మళ్ళీ ఏరుకుంటున్నాం, నా రూక భోజనంలాగా.

అందుకని ఆ భోజనాన్ని తిరిగి దాని నాటకంలో పెట్టి చూద్దామనుకున్నా.

క్రీడాభిరామం వీథి అనే రూపకం. వినుకొండ వల్లభరాయుడిదని పుస్తకం చెప్తుంది, శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. ఆ గొడవ ఇక్కడ వదిలేద్దాం. మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, అతని స్నేహితుడు టిట్టిభసెట్టి పొద్దున్నించి రాత్రిదాకా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు, మైలారు భటుల ఒళ్ళు గగుర్పొడిచే మొక్కులు, పల్నాటి వీరుల కథ పాడేవాళ్ళు, జక్కుల పురంధ్రి పాట, ప్రతాపరుద్రుడి ఉంపుడుగత్తె మాచల్దేవి ఇంట్లో చిత్రశాల. చేతిలో డబ్బుంది, బుర్రలో శృంగారం ఉంది, పని మాత్రం ఏమీ లేదు. వీకెండ్‌లో పాత ఊరు చూడటానికి పోయే నాలాంటివాళ్ళే. వాళ్ళ కళ్ళు దేనిమీద పడితే అదే ఓరుగల్లు. ఆడవాళ్ళ మీద పడ్డంత ఎక్కువగా ఇంకదేనిమీదా పడలేదు అన్నది కూడా చెప్పుకోవాలి. తిండి పద్యం ఎవరి నోట్లోది అంటే, ఆకలేసి, జేబులో రూక ఉండి, ఆ ఇంటి గడపలోకి అభ్యంతరం లేకుండా అడుగుపెట్టగల మనిషి నోట్లోది. వండినవాళ్ళు పద్యంలో లేరు. ఎంగిలి ఆకులు ఎత్తినవాళ్ళు లేరు. ఆ బియ్యం పండిన మడికి నీళ్ళు వదిలినవాడు సరే సరి.

దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, నేను చాలా ఏళ్ళు పట్టించుకోనిది. ఓరుగల్లు 1323లో పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో చనిపోయాడు. క్రీడాభిరామం వచ్చింది ఆ తర్వాత సుమారు వందేళ్ళకి. అంటే కవి కళ్ళతో చూసి రాసిన రిపోర్టు కాదు. ఆయనకి కూడా ప్రతాపరుద్రుడి ఓరుగల్లు ఒక పోయిన ఊరు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామం' ఆయనకి ఆధారం, అది ఇప్పుడు దొరకట్లేదు. దాంట్లోంచి ఏది వచ్చిందో, విన్న కబుర్లలోంచి ఏది వచ్చిందో, తన కాలపు ఊళ్ళలోంచి ఏది వచ్చి చేరిందో విడదీయడం ఎవరి తరం? సింథియా టాల్బట్ తన 'ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్' (2001) చివర్లో కాకతీయుల జ్ఞాపకం తర్వాతి శతాబ్దాల్లో ఎట్లా పెరుగుతూ పోయిందో రాసింది. ప్రతాపరుద్రుడి కొలువులో మా పూర్వీకులు ఉండేవాళ్ళని చెప్పుకోవడం తెలుగు యోధ కుటుంబాలకి పెద్ద గొప్ప. ఆ లెక్కన 'అప్పట్లో ఎంత బాగుండేదో' అన్న ఫీలింగ్ నాది కాదు, నాకు వారసత్వంగా వచ్చింది. మొదటి కస్టమర్ బహుశా క్రీడాభిరామ కవే.

ఇట్లా అంటే ఆ పద్యం అబద్ధం అని కాదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఈ కావ్యాన్ని 'ఎ లవర్స్ గైడ్ టు వరంగల్' అని ఇంగ్లీషు చేశారు. ఆ పేరు నాకు చాలా నచ్చింది. గైడ్ అంటే నమ్మదగ్గదే, కాకపోతే ప్రేమికుడి గైడ్. పూటకూళ్ళిల్లు ఉండే ఉంటుంది. కానీ ఆ వంటకాల వరస ధరల పట్టిక కాదు, ఒక పోయిన నగరాన్ని పొగడటం. పద్యం ఆఖర్న వచ్చే 'రూక' దగ్గరే దాని దెబ్బంతా ఉంది. ఇన్ని పెట్టి ఒక్క రూకేనా అని మనం నోరెళ్ళబెట్టాలి. పెట్టాం కూడా, ఆరు వందల ఏళ్ళుగా.

అక్టోబర్‌లో నాలుగు రోజులు లీవు పెట్టి కారేసుకుని తిరిగాను. మొదట పాలకుర్తి. జనగామ జిల్లాలో ఒకే మండలంలో పాలకుర్తి, బమ్మెర రెండూ ఉన్నాయి. ఒకటి సోమనాథుడిది, ఇంకొకటి పోతనది. ఈ దారిలో చిన్నప్పట్నుంచి బస్సులో వందసార్లు పోయుంటాను, సోమనాథుణ్ణి మాత్రం ఉద్యోగం వచ్చాక చదివాను.

నిత్యజీవితం వెతికేవాళ్ళు సోమనాథుణ్ణి తెగ వాడుకుంటారు. పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం పోయే జనం, బొమ్మలాటలు, తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు అన్నీ జాబితాలుగా దొరుకుతాయి. ప్రతాపరెడ్డి కాకతీయ అధ్యాయానికి అది ఒక గని. అయితే నన్ను ఆపింది జాబితాలు కాదు, బసవపురాణంలో మాదార చెన్నయ్య కథ. చెన్నయ్య మాదిగ. కరికాలచోళుడి గుర్రాలకి గడ్డి కోసుకొచ్చే పని. రాజు రోజూ శివుడికి రాజభోజనం పెడతాడు, శివుడు వచ్చి తింటాడు. ఒకరోజు శివుడు చెన్నయ్య దగ్గర అంబలి తాగి వస్తాడు. ఆ పూట రాజు వడ్డించింది ముట్టడు. ఏమని అడిగితే చెన్నయ్య అంబలితో కడుపు నిండింది అంటాడు. రాజు వెతుక్కుంటూ పోయి ఆ గడ్డికోసేవాడి కాళ్ళ మీద పడతాడు.

ఇది నిత్యజీవిత వర్ణన కాదు. మతప్రచారం. సోమనాథుడు వీరశైవం కోసం ఎంత దూరమైనా పోతాడు, పుస్తకంలో చాలాచోట్ల నాకు భయం కూడా వేస్తుంది. మంచనశర్మ సరదా మనిషి, సోమనాథుడు కాదు. మరి ఈయన్ని ఎందుకు నమ్మాలి? నాకు తోచింది ఇది. ఆ కథ పనిచెయ్యాలంటే వినేవాళ్ళకి అంబలి అంటే ఏంటో, అది ఎవరి తిండో, రాజు పళ్ళెం పక్కన పెడితే అది ఎంత చిన్నబోతుందో ముందే తెలిసి ఉండాలి. సోమనాథుడు అంబలిని వివరించే పనే పెట్టుకోడు. రూక భోజనాన్ని మాత్రం ఆ కవి ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టాడు, ఎందుకంటే అది విశేషం. ఎవరైనా ఒకదాన్ని వర్ణిస్తున్నారంటే అది రోజూ ఉండేది కాదేమో అని అనుమానపడాలి. వర్ణించకుండా వాడేసుకున్నదే నిత్యం. గ్రెప్‌కి ఇది చిక్కదు, కథ మొత్తం చదివితే తప్ప.

బెజ్జమహాదేవి కథ కూడా అంతే. శివుడికి తల్లి లేదని తెలిసి జాలిపడి, తల్లిలేనివాడు కాబట్టే విషం తాగాడు, బూడిద పూసుకున్నాడు అనుకుని, ఆయన్ని పసిబిడ్డని చేసుకుని పెంచుతుంది. నూనె పట్టించి, ముక్కు ఒత్తి, కడుపు ఒత్తి నీళ్ళు పోస్తుంది. మా అక్కకి కొడుకు పుట్టినప్పుడు ఊళ్ళో ఒక పెద్దామె కాళ్ళు చాపుకుని వాణ్ణి బోర్లా వేసుకుని సరిగ్గా ఇదే చేసింది. ద్విపద చదువుతుంటే ఆమె చేతులే కనిపించాయి. సోమనాథుడు భక్తి చెప్తున్నాను అనుకున్నాడు. నీళ్ళు పోసే పద్ధతి దానంతటదే వచ్చి కూచుంది.

పాలకుర్తి నుంచి మహబూబాబాద్ మీదుగా బయ్యారం పోయాను. అక్కడి పెద్దచెరువు గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించింది. ధర్మకీర్తి సముద్రం అని పేరు. అక్కడి శాసనం వల్లే కాకతీయుల పూర్వీకుల వరస చాలావరకు తేలింది, అందుకని చరిత్రకారులకి అది బంగారం. శాసనాలంటే నాకు సర్వర్ లాగ్స్ గుర్తొస్తాయి. కవిత్వం కంటే నమ్మకంగా ఉంటాయి, తేదీలుంటాయి. అయితే లాగిన్ ఉన్నవాళ్ళ పేర్లే పడతాయి. దానం ఇవ్వడానికి ఏదో ఒకటి ఉన్నవాడికే శాసనంలో చోటు. ఆ మేరకు టాల్బట్ పుస్తకం నాకు పెద్ద ఊరట, ఎందుకంటే ఆ దాతల్లో రాజులే కాకుండా వర్తకులు, ఆడవాళ్ళు, గొల్లలు కూడా ఉన్నారనీ, ధర్మశాస్త్రాల్లోని వర్ణాల మాటే వాళ్ళు పెద్దగా ఎత్తరనీ ఆమె చూపిస్తుంది. ఊరట అక్కడిదాకే. కట్ట మీద నిలబడి చూస్తే అవతలి గట్టు దూరంగా ఉంది. ఇంత మట్టి గంపల్లో ఎత్తిపోసినవాళ్ళకి లాగిన్ లేదు. చెరువుని కాపాడేందుకు భూమి ఇచ్చే దశబంధం లాంటి ఏర్పాట్లు ఆ కాలానివే, వాటి మీద శాసనాలూ ఉన్నాయి. రాత్రి తూము దగ్గర కూచున్నవాడి పేరుతో ఒక్కటీ నా కంటపడలేదు.

భూపాలపల్లి వైపు గణపురం కోటగుళ్ళు కూడా చూశాను. గుడి గురించి వేరే ఎప్పుడైనా రాస్తాను. ఊరి పేరే గణపతిదేవుడిది, పక్కన గణపసముద్రం. ఈ మూడు జిల్లాల్లో రాజుల కాలం అంటే ముందుగా నీళ్ళే. గుళ్ళలో కొన్ని పాడుబడ్డాయి, కోటలు కూలాయి. చెరువులు మాత్రం నిన్నమొన్నటిదాకా, కొన్ని ఇవాళ్టికీ, అదే పనిచేస్తున్నాయి. ప్రభుత్వం పూడికతీతకి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది కూడా అందుకే. ఆ కాలపు నిత్యజీవితంలో ఆగకుండా మా ఇంటిదాకా వచ్చిన పని ఏదైనా ఉంటే అది తూము తెరవడమే, మ్యూజియంలో కాదు, మా తాత చేతుల్లో. నేనేమో ఇన్నేళ్ళూ హై హీల్స్ ఫొటోలు తీసుకుంటూ తిరిగాను.

ప్రతాపరెడ్డిని ఇక్కడ మళ్ళీ తలుచుకోవాలి, ఎందుకంటే ఈ బాధ ఆయనకి నాకంటే ముందే తెలుసు. ఆయన పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది నిఘంటువుల మీద ఆయన కోపం. ఏదో ఆట పేరు వస్తుంది, డిక్షనరీ చూస్తే క్రీడావిశేషం అని ఉంటుంది. తినేదైతే భక్ష్యవిశేషం, పిట్ట అయితే పక్షివిశేషం. ఏ ఆట, ఎట్లా ఆడతారు, ఏ పిట్ట అంటే పండితుడికి తెలియదు, అడగటానికి ఊళ్ళోకి పోడు. ప్రతాపరెడ్డి పల్లెటూళ్ళలో వాడే మాటల్ని పట్టుకుని కావ్యాల్లో ముళ్ళు విప్పారు. ఏ యుగంలో ఏం బాగుంది ఏం చెడింది అని ఆయన ఇచ్చే తీర్పులు నాకు ఇప్పుడు అంతగా ఎక్కవు. కానీ ఈ పని దగ్గర ఆయన చరిత్రకారుడి కంటే మంచి పాఠకుడు. నేను గ్రెప్ అని దెప్పింది ఆయన పుస్తకాన్ని సగమే. మిగతా సగంలో ఆయన ఒక్క మాట కోసం నిలబడి, తెలియదని ఒప్పుకుని, తెలిసినవాణ్ణి వెతుకుతుంటారు.

ఆ లెక్కన నేను అడగాల్సిన మనిషి ఇంట్లోనే ఉంది. తిరుగు ప్రయాణంలో ఊళ్ళో ఆగి, నాయనమ్మని కూచోబెట్టి తాత పని మాటలు చెప్పమన్నాను. తూము, మత్తడి, షికం నాకు తెలిసినవే. తెలియనివి ఇంకొన్ని చెప్పింది, ఫోన్లో రికార్డ్ చేశాను. కొన్ని పనుల పేర్లు ఆమెకీ గుర్తు రాలేదు, చేత్తో చేసి చూపించింది. వాన పడే రాత్రి తాత గొంగడి కప్పుకుని కట్ట మీద ఉంటే అంబలి తీసుకుపోయేదట, ముంతలో, మీద ఆకు కప్పి.

అప్పుడు చెన్నయ్య కథ చెప్పాను. గడ్డి కోసుడు, రాజు, శివుడు, అంబలి అన్నీ. ఈసారి ఆమె లక్ష్మణవజ్ఝల ఇంటి గురించి అడిగినట్టు అడగలేదు. కాసేపు ఆలోచించి, "జొన్నదా? అంచుకేం పెట్టిండట?" అంది.

పుస్తకం కారులో ఉంది. పోయి తెచ్చుకుని, చెన్నయ్య కథ మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను.